ముందురోజు ఊరేగింపు

దేశమంతా సమ్మె అనగానే చాలామందికి సెలవు గుర్తుకొస్తుంది. నాకు మా ఆఫీసు రోత గుర్తుకొస్తుంది. తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. బస్సులు లేవు, బ్యాంకులు లేవు, పోస్టాఫీసుకు తాళం, అయినా తెల్లారేసరికి గుమ్మంలో పేపరు పడింది, మీరు మామూలోళ్ళు కాదండీ అని బంధువులు మెచ్చుకునేవాళ్ళు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. అసలు సంగతి చెబితే మర్నాటి నుంచి వాళ్ళు పేపరు మానేస్తారు.

ఇప్పుడు చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ ఉద్యోగం వదిలి చాలా ఏళ్ళయింది. ఆ రోత మాత్రం వదల్లేదు.

మా జిల్లా పేజీలకు వార్తలు బస్సుల్లో వచ్చేవి. ఊరూరా ఉన్న విలేకరులు తాము రాసిన కాగితాలు, స్టూడియోలో కడిగించిన ఫొటోలు ఒక కవర్లో పెట్టి, పైన ప్రెస్ అని రాసి, మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతిలో పెట్టేవాళ్ళు. రాజమండ్రి బస్ కాంప్లెక్సులో మా పత్రిక పేరుతో ఒక చెక్కపెట్టె ఉండేది. డ్రైవరు దిగి వెళ్తూ కవరు అందులో పడేసేవాడు. మా ఆఫీసు మనిషి సైకిలు మీద వెళ్ళి తెచ్చేవాడు. సాయంత్రానికి పేజీలు తయారయ్యేవి. ఫ్యాక్సు ఉన్నచోట ఉంది గానీ, అందులో ఫొటో పంపిస్తే మనిషికీ మసిబొగ్గుకీ తేడా తెలిసేది కాదు. కాబట్టి బస్సు లేకపోతే ఫొటో లేదు. సమ్మె రోజున బస్సే ఉండదు. ఫొటో లేకుండా సమ్మె పేజీ పెట్టడమంటే పప్పు లేకుండా పెళ్ళిభోజనం పెట్టినట్టు.

దీనికి మా వాళ్ళు ఎప్పటి నుంచో పాటిస్తున్న ఆచారం ఒకటుంది. సమ్మె ఫొటో సమ్మెకు ముందురోజే తీయించి, ఆఖరి బస్సుకు పంపించాలి. వారం ముందే మా డెస్కు ఇన్‌చార్జి విలేకరులందరికీ ఫోన్లు చేసి గుర్తుచేసేవాడు. విలేకరులు నాయకులకు కబురు పెట్టేవాళ్ళు. నాయకులు జెండాలు దులిపి, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని సెంటర్లోకి వచ్చేవాళ్ళు. రేపటి ఊరేగింపు ఇవాళే ఏంటని ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. మూతబడిన దుకాణాల ఫొటో కావాలంటే తెల్లవారుజామున షట్టర్లు ఎత్తకముందే తీసేవాళ్ళు. బోసిపోయిన బస్టాండు ఫొటో మాత్రం కిందటి సమ్మెది, దాని ముందు సమ్మెకూ అదే వేశాం. అందులో బెంచీ కింద పడుకున్న కుక్క ఈపాటికి ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది.

సమ్మె నుంచి పాలకు, ఆస్పత్రులకు, పత్రికలకు మినహాయింపు అని నాయకులు ముందుగానే ప్రకటన ఇచ్చేవాళ్ళు. పాలు పసిపిల్లల కోసం, ఆస్పత్రి రోగుల కోసం. పత్రిక ఎవరి కోసమో చెప్పక్కర్లేదు, మర్నాడు వాళ్ళ ముఖాలు వాళ్ళు చూసుకోవాలి కదా. మా పేపరు వ్యాను అద్దం మీద అతికించుకోవడానికి కాగితం కూడా వాళ్ళే సంతకం పెట్టి ఇచ్చేవాళ్ళు. దేశంలో కార్మికులంతా పని మానాలని పిలుపిచ్చినవాళ్ళకు, అచ్చుయంత్రం దగ్గర మోచేతుల దాకా సిరా పూసుకునే మనుషులు కార్మికుల్లా కనబడలేదు. యాజమాన్యం వాళ్ళను ముందురోజు సాయంత్రమే లోపలికి పిలిచి, పులిహోర పొట్లాలిచ్చి, కాగితపు రీళ్ళ పక్కన చాపలు వేయించేది. గేటు దగ్గర ఎవరైనా అడ్డుకుంటారేమోనని ముందుజాగ్రత్త.

మా పాత్రికేయుల సంఘం ఇంకో అడుగు ముందుకేసింది. సమ్మెకు సంఘీభావంగా నల్లబ్యాడ్జీలు పెట్టుకుని పనిచెయ్యమంది. పెట్టుకున్నాం. చొక్కాకు నల్లగుడ్డముక్క గుచ్చుకుని కూర్చుని, సమ్మె సంపూర్ణం అని హెడ్డింగు పెట్టాం. బ్యాడ్జీలతో మేము నిలబడ్డ ఫొటో కూడా లోపలి పేజీలో వేసుకున్నాం. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, మా దగ్గర పిడికిళ్ళు కాస్త పెద్దవి.

ఒక ఏడాది, ద్రాక్షారామం రోడ్డులో ఉన్న ఒక ఊరి నుంచి అలాంటి ఫొటో ఒకటి నేను చూసే పేజీకి వచ్చింది. ఆ ఊరి నిండా రైసుమిల్లులే. మా విలేకరి అక్కడ ఎరువుల కొట్టు నడుపుకుంటూ వార్తలు రాసేవాడు. తర్వాత నేను అతని నోటా, ఇంకొకరి నోటా విన్నదాన్ని బట్టి జరిగింది ఇది.

సమ్మెకు ముందురోజు మధ్యాహ్నం మా విలేకరి ఫొటోగ్రాఫరును సెంటర్లో నిలబెట్టాడు. కార్మిక నాయకుడు జెండాలు, బ్యానరు తెచ్చాడు గానీ వెనకాల కార్మికులు లేరు. వాళ్ళు పనిలో ఉన్నారు. సమ్మె రేపు కదా, ఇవాళ పనిరోజే. దాంతో దొరికినవాళ్ళను దొరికినట్టు పోగుచేశారు. రిక్షావాళ్ళు, రేషన్ డిపో ముందు కిరోసిన్ కోసం వరసలో ఉన్నవాళ్ళు, టీకొట్టు బల్ల మీద ఊరికే కూర్చున్నవాళ్ళు. కిరోసిన్ డబ్బాలు ఫొటోలో పడకుండా అరుగు కింద పెట్టించారట. నినాదాలు కూడా ఇప్పించారట, నోళ్ళు తెరుచుకుంటే ఫొటో బాగా వస్తుందని.

టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒక మిల్లు హమాలీ ఉన్నాడు. ఆరడుగుల మనిషి. ఆ పూట మిల్లులో బాయిలరు మరమ్మతు జరుగుతోందని టీ తాగడానికి బయటకు వచ్చాడు. బ్యానరు ఎత్తుగా కనబడాలంటే గెడ పట్టుకోవడానికి పొడుగాటి మనిషి కావాలన్నారు. తాను సమ్మెలో లేనని, రేపు పనిలోకి వెళ్ళాలని అతను చెప్పాడు. అది ఉప్పుడు బియ్యం మిల్లు. నానబెట్టి ఉడికించిన ధాన్యాన్ని ఆ రోజుకారోజు కళ్ళంలో ఆరబోసి తిరగెయ్యకపోతే పులిసి కంపుకొడుతుంది. దానికి దేశవ్యాప్త సమ్మె సంగతి తెలియదు. రేపు నువ్వు పనిలోకి పోరా, ఎవడొద్దన్నాడు, ఇవాళ గెడ పట్టుకో చాలు అన్నాడు నాయకుడు.

నిజం చెప్పాలంటే అతను సంబరపడ్డాడు కూడా. ఉండండి వస్తానని ఇంటికి పరుగెత్తి, పెళ్ళిళ్ళకు వేసుకునే గళ్ళచొక్కా తొడుక్కుని, తడిచేత్తో తల దువ్వుకుని వచ్చాడు. పేపర్లో ఎప్పుడూ పడలేదని, పడితే ఇంటిదానికి చూపిద్దామనుకున్నానని తర్వాత నాతో చెప్పాడు.

మర్నాడు దేశమంతా సమ్మె జరిగింది. ఆ ఊళ్ళో ఊరేగింపు మాత్రం జరగలేదు. ఫొటో అయిపోయాక ఎండలో ఎవడు తిరుగుతాడు? నాయకుడు తన మనుషుల్ని జీపులో ఎక్కించుకుని పొద్దున్నే మందు చవగ్గా దొరికే యానాం వెళ్ళాడని, సాయంత్రం అతన్ని జీపులోంచి దించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చిందని మా విలేకరే నవ్వుతూ చెప్పాడు. ఆ జీపుకీ మినహాయింపే కాబోలు. నిజంగా సమ్మె చేసినవాళ్ళు లేకపోలేదు. బస్సు డ్రైవర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఆ ఊళ్ళోనే ఇంకో మిల్లు కూలీలు కొందరు ఆ రోజు కూలి వదులుకుని ఇళ్ళలో కూర్చున్నారు. వాళ్ళ గురించి ఎవరూ రాయలేదు, వాళ్ళను ఎవరూ ఫొటో తీయలేదు.

మన పొడుగాటి మనిషి మాత్రం చెప్పినట్టే తెల్లారి మిల్లుకు వెళ్ళి, పొద్దుగూకే దాకా కళ్ళంలో ధాన్యం తిరగేశాడు. ఆ తర్వాతి రోజు పేపరొచ్చింది. పేజీ మధ్యలో మూడు కాలమ్‌ల ఫొటో. సమ్మె సందర్భంగా ఊరేగింపు నిర్వహిస్తున్న కార్మికులు అని కింద నేను రాసిన వాక్యం. నాయకుడు ఒక పక్కకు పోయాడు, చెయ్యెత్తి నోరు తెరిచి నట్టనడుమ నిలబడ్డది గళ్ళచొక్కా హమాలీయే. ఆ పొద్దున అతను మిల్లు గేటు దగ్గరకు వెళ్ళేసరికి గుమాస్తా పేపరు చూపించి, యూనియన్ మనుషులకు ఇక్కడ పని లేదు పొమ్మన్నాడు.

అతను మా విలేకరి కొట్టుకు వెళ్తే, ఫొటో వేసింది రాజమండ్రి వాళ్ళు, నాకేం తెలుసు అని పంపేశాడు. నాయకుడు ఊళ్ళో లేడన్నారు. అప్పుడు పేపరు మడిచి చేత్తో పట్టుకుని బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చాడు. మా ఆఫీసు మేడ మీద. మెట్ల దగ్గర నేను ఎదురుపడితే ఈ కథంతా చెప్పాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక మిల్లు వద్దన్నవాణ్ణి ఇంకో మిల్లు తీసుకోదని, మిల్లర్లంతా ఒకరికొకరు చెప్పుకుంటారని, తనకు బస్తా మొయ్యడం, ధాన్యం తిరగెయ్యడం తప్ప వేరే పని రాదని చెప్పాడు.

“ఆ ఫొటో ముందురోజుదని రేపు పేపర్లో ఒక్క ముక్క ఎయ్యండి. మా షావుకారుగారు పేపర్లో పడితే నమ్ముతారండి” అన్నాడు.

ఇందులో కష్టమేముంది అనుకున్నాను. లోపలికి వెళ్ళి మా ఇన్‌చార్జికి చెప్పాను. ఆయన బల్ల మీద కాగితంలో మిక్చరు పోసుకుని తింటున్నాడు. పాపం అన్నాడు, రెండు పల్లీలు నోట్లో వేసుకున్నాడు. ఆ ఒక్క ముక్క వేస్తే జిల్లాలో మనం వేసిన సమ్మె ఫొటోలన్నీ ముందురోజువేనని ఒప్పుకున్నట్టే కదా అన్నాడు. నిజమే కదండీ అన్నాను.

“నిజమేనయ్యా. నిజమైతే వెయ్యాలా?” అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో సిగ్గు గానీ కోపం గానీ ఏమీ లేవు. వేలికంటిన కారం పంచెకు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం నేనే రెండు వాక్యాల సవరణ రాసి పేజీ చివర్లో పెట్టాను. ప్రూఫులో ఆయన కంటబడింది. తీసేసి, ఆ జాగాలో ఉచిత కంటి వైద్య శిబిరం ప్రకటన పెట్టించాడు.

నాకు మండింది. సెలవు రోజున బస్సెక్కి నేరుగా ఆ మిల్లు యజమాని దగ్గరకే వెళ్ళాను. పేపరు వెయ్యకపోతే పేపరు మనిషిగా నేనే నోటితో చెబుతాను, అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. యజమాని పెద్దమనిషి, నెమ్మదస్తుడు. దయచెయ్యండి అని లేచి కుర్చీ జరిపాడు. ముందురోజే అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకుని వచ్చారట, విస్తరాకు పొట్లం విప్పి ప్రసాదం చేతిలో పెట్టాడు. నెయ్యి కారుతోంది. దాన్ని అరచేతిలో పెట్టుకునే నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ ఫొటో సమ్మె ముందురోజు తీసిందండీ, సమ్మె రోజున అతను మీ మిల్లులోనే పనిచేశాడు, కావాలంటే మీ గుమాస్తాను అడగండి అన్నాను.

“గుమాస్తాని అడగడమేంటండీ, నాకు తెలీదా? ఆ రోజు కళ్ళం గట్టు మీద గొడుగేసుకుని నించున్నది నేనే. ధాన్యం తిరగేసింది ఆడే” అన్నాడాయన.

మరి ఎందుకు తీసేశారండీ అని అడిగాను.

“పేపర్లో పడిపోయాడు కదండీ. ఊరంతా చూసేసింది. మా వియ్యంకుడుగారు పొద్దున్నే ఫోను చేసి, ఏంటి బావగారూ, బ్యానరు మీ హమాలీయే పట్టుకున్నాడంట కదా అన్నారు. ఇంక నేనూరుకుంటే మిల్లర్లలో నాకేం మర్యాదుంటదండి?”

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికెవడో. వాడికి కనీసం దున్నపోతు ఎదురుగా లేదు. ఈయన దున్నపోతును చూస్తూ, అది ఈనలేదని తెలిసి, దూడను కట్టెయ్యమంటున్నాడు. మీరు కళ్ళారా చూసింది మీ వియ్యంకుడుగారికి చెప్పొచ్చు కదండీ అన్నాను. పేపర్లో వచ్చినదాని కంటే తన మాట ఎక్కువా అని ఆయన ఎదురడిగాడు. పేపరు మనిషివి నువ్వే పేపరును కాదంటే ఎలాగని జాలిగా నవ్వాడు కూడా. బయటకొచ్చి పంపు దగ్గర చెయ్యి కడుక్కున్నాను. ప్రసాదం పారబోసిన పాపం ఎవరి ఖాతాలో పడుతుందో ఆ సత్యదేవుడికే తెలియాలి.

ఇంతలో యానాం మత్తు దిగిన నాయకుడికి సంగతి తెలిసింది. సమ్మెలో పాల్గొన్నాడని కార్మికుణ్ణి తీసేశారు, ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? మిల్లు గేటు ఎదురుగా టెంటు వేయించి రిలే నిరాహార దీక్ష పెట్టించాడు. హమాలీ నిజం చెప్పబోతే నోరు మూయించాడు. ఆ రోజు పనిలోకి వెళ్ళానని బయటకు అన్నావంటే సమ్మెద్రోహివి అవుతావు, మేమూ చూడం, మీ జట్టువాళ్ళూ దగ్గరకు రానివ్వరు, ఆలోచించుకో అన్నాడట. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సమ్మె చెయ్యనివాడు సమ్మె చేసినందుకు మెడలో బంతిపూల దండ వేసుకుని టెంటులో కూర్చున్నాడు.

ఆ ఫొటో మాకు రోజు తప్పకుండా వచ్చేది. ఇప్పుడు బస్సులు తిరుగుతున్నాయి కదా. సవరణకు రెండు వాక్యాల జాగా దొరకని పేజీలో దీక్షకు మూడు కాలమ్‌లు దొరికాయి. మా ఇన్‌చార్జికి ఉత్సాహం ఆగలేదు. సమ్మె ఫొటోలో ఉన్న మనిషే దీక్షలోనూ ఉన్నాడు, చదివేవాడు గుర్తుపడతాడు, స్టోరీ నడుస్తోంది అన్నాడు. స్టోరీ నడిపిస్తున్నది ఎవరండీ అని అడిగాను. నీకు ఈ మధ్య వేడి చేసినట్టుంది, మజ్జిగ తాగు అన్నాడు.

దీక్ష ఎలా ముగుస్తుందో మన వైపు పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నిమ్మరసంతో ముగుస్తుంది. నాయకుడూ యజమానీ ఒక సాయంత్రం మిల్లు ఆఫీసు గదిలో తలుపేసుకుని మాట్లాడుకున్నారు. మర్నాడు యజమాని స్వయంగా టెంటులోకి వచ్చి హమాలీకి గ్లాసుతో నిమ్మరసం తాగించాడు. చప్పట్లు కొట్టారు. ఆ నెలలోనే కార్మిక సంఘం ఆఫీసు పైకప్పుకు కొత్త రేకులు మిల్లు లారీలో వెళ్ళాయి. పాము చావకుండా కర్ర విరక్కుండా అంటే ఇదే. అయితే యజమాని ఇచ్చిన హామీ ఏమిటయ్యా అంటే, సానుభూతితో పరిశీలిస్తాం అని. మా విలేకరి అంతే రాసి పంపాడు. ఆ విషయంలో అతన్ని తప్పుపట్టను.

మా ఇన్‌చార్జికి పరిశీలిస్తాం అనేది చప్పగా అనిపించింది. హమాలీకి తిరిగి పని, దీక్ష సుఖాంతం అని హెడ్డింగు పెట్టాడు. ఇంకా తీసుకోలేదండీ అని నేను ఆ కాగితం మీద చెయ్యి పెట్టాను.

“తీసుకుంటార్లేవయ్యా. హెడ్డింగు బావుంది” అని నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

ఫొటోలో యజమాని చేతిలో గ్లాసు, పక్కన నాయకుడి నవ్వు, మధ్యలో తలవంచి తాగుతున్న మనిషి. ఆ పేజీ పూర్తిచేసి ఇంటికి వెళ్ళాక నాకు అన్నం సయించలేదు. ఇంట్లో అడిగితే తలనొప్పి అన్నాను. ఏం చెప్పను, మా ఆఫీసులో ఒక మనిషిని తిన్నాం, అదింకా అరగలేదని చెప్పనా.

నాలుగు రోజుల తర్వాత అతను మళ్ళీ వచ్చాడు. అదే మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఈసారి చేతిలో సుఖాంతం పేజీ ఉంది. పేపరొచ్చిన పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని మిల్లుకు వెళ్ళాడట. పనికి వెళ్తున్నానని వీధిలో అందరికీ చెప్పి మరీ వెళ్ళాడట. గుమాస్తా గేటు తియ్యలేదు. పేపరు చూపించినా తియ్యలేదు. మర్నాడూ తియ్యలేదు. నాయకుడి దగ్గరకు వెళ్తే, సుఖాంతం అయిపోయాక మళ్ళీ ఏంటి గోల అన్నాడట. మా విలేకరి కొట్టు కట్టేసి ఉంది.

ఆ హెడ్డింగు తప్పు, వాళ్ళు నిన్ను తీసుకుంటామని అనలేదు, మావాళ్ళే అలా రాసేశారు అని వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. నా మాట అర్థమైనట్టే తలూపాడు. తర్వాత పేజీ విప్పి, హెడ్డింగు మీద వేలు పెట్టాడు.

“ఆ రోజు నేను సమ్మె చేశానని పడింది. అది అబద్దమేనండి, అయినా పని పోయింది. ఇప్పుడు పని ఇచ్చారని పడింది కదండీ. మరి ఇది అబద్దమైనా పని రావాలి కదా?”

అతను వెటకారంగా అనలేదు, నన్ను నిలదీయడానికీ అనలేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుసుకుందామనే వచ్చాడు. నాకు దారి చూపించడానికి అన్నట్టు తనే మెల్లగా అన్నాడు.

“పోనీ ఇంకోసారి ఎయ్యండి. ఈసారి ఇంకాస్త పెద్దచ్చరాలతో ఎయ్యండి, మా షావుకారుగారి కంటికి ఆనేలాగ.”